ఎండిన పెసర గింజకు ప్రాణముందా? చిన్నపిల్లల తరగతి గదిలో జీవుల ప్రాజెక్టులు ఏం నేర్పుతాయి

జూన్ రెండో వారంలో బడులు తెరిచిన కొద్ది రోజులకే ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల తల్లిదండ్రుల ఫోన్లకు ఒక సందేశం రావడం మన పట్టణాల్లో మామూలైపోయింది: ఫలానా రోజుకల్లా మొలకెత్తిన విత్తనాల ప్రాజెక్టు తెచ్చి ఇవ్వాలి. ఆ సాయంత్రం తల్లి పెసలు నానబెడుతుంది, తండ్రి స్టేషనరీ దుకాణానికి వెళ్లి రంగు చార్టు, జిగురు తెస్తాడు, పిల్లవాడు నిద్రపోతాడు. రెండు రోజుల తర్వాత దూదిలో మొలకలు అంటించిన చార్టు బడికి చేరుతుంది, గోడకెక్కుతుంది, మార్కులు పడతాయి. ఆరేళ్ల పిల్లవాడికి మొక్కల గురించి కొత్తగా ఏం తెలిసిందని అడిగితే మాత్రం ఇంట్లోనూ బడిలోనూ జవాబు దొరకదు.

2020 జూలైలో వచ్చిన జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న వయసును పునాది దశగా విడదీసి చూపింది. ఆ దశ కోసం 2022 అక్టోబరులో వెలువడిన పాఠ్యప్రణాళిక చట్రం పిల్లలు ఆటలు, కృత్యాలు, చుట్టూ ఉన్న మొక్కలూ జంతువులతో నేరుగా పరిచయం ద్వారా నేర్చుకోవాలని చెప్పింది. చెప్పిన తీరులో తప్పేమీ లేదు కానీ, చేతులతో చేసిన ప్రతి పనీ నేర్చుకోవడం కిందకే వస్తుందా, ప్రాజెక్టు అంటే ఏమిటి, చిన్నపిల్లలు ప్రాణమున్న వాటిని అసలు ఎలా అర్థం చేసుకుంటారు అన్నవి వేర్వేరు ప్రశ్నలు. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయినందువల్లే ఈ విషయంలో ఇంత అయోమయం.

మన బడుల్లో ప్రాజెక్టు అనే మాట ఎలా మారింది

అమెరికా విద్యావేత్త విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతి గురించి రాసినప్పుడు, పిల్లలు తమ సొంత ఉద్దేశంతో, మనసు పెట్టి, నలుగురిలో కలిసి చేసే పనిని ఆ పేరుతో పిలిచారు. అక్కడ ముఖ్యమైనది ఉద్దేశం ఎవరిది అన్న సంగతి. 1989లో లిలియన్ కాట్జ్, సిల్వియా చార్డ్ చిన్నపిల్లల కోసం ఇదే ఆలోచనను మరికాస్త బిగించి, ఒక విషయాన్ని చాలా రోజులపాటు లోతుగా పరిశోధించడమే ప్రాజెక్టు అని వివరించారు. ఈ రెండు వివరణల్లోనూ చివరికి తయారయ్యే వస్తువుకు పెద్ద స్థానం లేదు.

తెలుగు రాష్ట్రాల బడుల్లో ఈ మాట మరో దారిన వచ్చింది. పిల్లలను ఏడాది పొడవునా అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం అమలైనప్పుడు, చదువు నడుస్తుండగానే చేసే నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అనే నాలుగు సాధనాలు పెట్టారు. ప్రాజెక్టుకు మార్కులు వచ్చాయి కనుక, మార్కులు వేయడానికి చేతికి అందే వస్తువు ఒకటి కావలసి వచ్చింది. అలా చార్టు, థర్మాకోల్ నమూనా, అతికించిన ఆకుల పుస్తకం ప్రాజెక్టులయ్యాయి. దీనికి ఉపాధ్యాయులను ఒక్కరినే తప్పుపట్టలేం. కనిపించని ఆలోచనకు మార్కులు వేయమంటే ఎవరైనా కనిపించే వస్తువునే అడుగుతారు.

ఈ వ్యాసంలో ప్రాజెక్టు అన్న మాటను పాత అర్థంలోనే వాడుతున్నాను. పిల్లల్లో భిన్నాభిప్రాయం రేపే ఒక ప్రశ్న ఉండాలి, దానికి జవాబు పుస్తకం నుంచి కాక ఆ జీవి నుంచే రావాలి, ఆ జవాబు కోసం కొన్ని రోజులు ఆగాలి. ఒక పూటలో ముగిసే పని కృత్యం అవుతుంది. దానికి దాని విలువ ఉంది, అది వేరు.

ఆరేళ్ల పిల్లల లెక్కలో బతికి ఉన్నవి ఏవి

పిల్లలు ఖాళీ బుర్రతో బడికి రారు. స్విట్జర్లాండ్ మనోవైజ్ఞానికుడు జాన్ పియాజె 1920లలోనే పిల్లలను సూర్యుడు, మేఘం, గాలి, సైకిలు బతికి ఉన్నాయా అని అడిగి చూశారు. కదిలేదంతా బతికి ఉన్నట్టేనని చిన్నపిల్లలు చెప్పారు. కాస్త పెద్దవాళ్లు తనంతట తాను కదిలేదే బతికి ఉన్నదన్నారు. చివరికి మొక్కలకు, జంతువులకు మాత్రమే ప్రాణముందన్న అవగాహనకు వచ్చారు. దీన్ని బట్టి చిన్నపిల్లలకు జీవశాస్త్ర దృష్టి లేదని చాలాకాలం అనుకున్నారు. 1985లో అమెరికా మనోవైజ్ఞానికురాలు సూజన్ కేరీ దాదాపు పదేళ్ల వయసు దాకా పిల్లలు జంతువులను మనిషి ప్రవర్తనతో పోల్చుకునే అర్థం చేసుకుంటారని వాదించారు. మనిషి శరీరంలో ఫలానా అవయవం ఉందని ఒక కొత్త పేరు చెబితే నాలుగేళ్ల పిల్లలు అది కుక్కకూ ఉంటుందనేవారు. అదే అవయవం కుక్కకు ఉందని చెబితే మనిషికి ఉంటుందని అంత సులువుగా అనేవారు కారు.

జపాన్ పరిశోధకులు గియో హతానో, కయోకో ఇనగాకి దీనితో విభేదించారు. ఐదారేళ్లకే పిల్లల్లో ఒక ముడి జీవశాస్త్రం ఉంటుందని, తిండి నుంచి శక్తి వస్తుందని, ఆ శక్తితోనే ఒళ్లు పెరుగుతుందని, దెబ్బ మానుతుందని వాళ్లు నమ్ముతారని చూపారు. ఇనగాకి 1990లో ప్రచురించిన అధ్యయనం మన విషయానికి మరీ దగ్గరిది. ఇంట్లో చాలాకాలంగా గోల్డ్‌ఫిష్‌ను పెంచిన కిండర్‌గార్టెన్ పిల్లలను, పెంచని పిల్లలను ఆమె పోల్చారు. చేప సంగతులు పెంచినవాళ్లకు ఎక్కువ తెలియడంలో వింత లేదు. వాళ్లు ఎన్నడూ పెంచని కప్ప గురించి అడిగినప్పుడు కూడా, తమ చేప చిన్నగా ఉండి పెద్దదైంది కనుక కప్ప కూడా ఎప్పటికీ చిన్నదిగా ఉండిపోదని చేపను ఆధారం చేసుకొని ఆలోచించారు. ఒక జీవితో కలిసి గడిపిన కాలం మరో జీవిని అర్థం చేసుకునే పనిముట్టు అయింది.

ఈ రెండు వర్గాల్లో ఎవరి మాట సరైనదన్న చర్చ నేటికీ పూర్తిగా ముగియలేదు. ఎవరిని అడిగారన్నది కూడా ఇక్కడ లెక్కకు వస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్ గ్రామీణ పిల్లలతోనూ, అక్కడి మెనామినీ ఆదివాసీ పిల్లలతోనూ ఇలాంటి ప్రశ్నలు వేసిన తరువాతి పరిశోధకులకు, అన్నింటినీ మనిషితోనే పోల్చే ధోరణి నగర పిల్లల్లో కనిపించినంతగా కనిపించలేదు. కొట్టంలో బర్రె ఈనడం చూసిన పిల్లవాడూ, అపార్టుమెంటు ఐదో అంతస్తులో పెరిగిన పిల్లవాడూ ఒకే బెంచీ మీద కూర్చున్న తరగతిలో జీవుల పాఠం ఇద్దరికీ ఒకే చోట మొదలు కాదని దీన్ని బట్టి ఊహించవచ్చు.

ప్రాణి, ప్రాణం, బతకడం: భాష చేసే సాయం, తెచ్చే చిక్కు

జపాన్, అమెరికా, ఇజ్రాయెల్ పిల్లలను పోల్చిన 1993 నాటి అధ్యయనంలో ఒక ఆసక్తికరమైన తేడా బయటపడింది. మొక్కలకు ప్రాణముందని చెప్పడంలో ఇజ్రాయెల్ పిల్లలు మిగతావారికంటే వెనకబడ్డారు. ఇజ్రాయెల్ పిల్లలు మాట్లాడే హీబ్రూలో జంతువు అన్న మాట ప్రాణం అన్న మాటకు చాలా దగ్గరగా ఉండటం, మొక్క అన్న మాటకు ఆ చుట్టరికం లేకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

మన భాష సంగతి చూద్దాం. ప్రాణి అన్న మాటలోనే ప్రాణం ఉంది, అది వినగానే మనకు తోచేది మాత్రం జంతువో పురుగో. వేపచెట్టును చూసి ప్రాణి అని ఎవరూ అనరు. ఇది హీబ్రూ పిల్లల చిక్కులాంటిదే. మరోవైపు, నాటిన మామిడి మొక్క గురించి బతికింది అనో, ఎండకు చచ్చిపోయింది అనో పల్లెల్లో ప్రతి ఇంట్లోనూ అంటారు. మొక్కకు బతుకూ చావూ ఉన్నాయని పిల్లవాడి చెవికి వాడుక భాష ఎప్పుడో చెప్పేసింది. అదే వాడుకలో సెల్‌ఫోన్ బ్యాటరీ కూడా చచ్చిపోతుంది కనుక ఈ సాయాన్ని మరీ నమ్ముకోవడానికీ లేదు. పాఠ్యపుస్తకంలోని సజీవులు, నిర్జీవులు అన్న సంస్కృత పదాల జంట వీటిలో దేనికీ అంటకుండా పైన తేలుతూ ఉంటుంది. పిల్లలతో మాట్లాడేటప్పుడు ముందు బతకడం, చావడం అన్న మాటలతో మొదలుపెట్టి, సజీవులు అన్న పదాన్ని తరువాత పరిచయం చేయడం మేలని నాకు అనిపిస్తుంది.

మొక్కలకు ప్రాణముందని జగదీశ్ చంద్రబోస్ కనిపెట్టాడన్న వాక్యం మన జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. మొక్కలు జీవులన్న సంగతి ఆయన పుట్టక ముందు నుంచే తెలుసు. ఆయన చేసింది అంతకంటే నిర్దిష్టమైన పని: క్రెస్కోగ్రాఫ్ అనే పరికరంతో కంటికి కనిపించనంత సూక్ష్మమైన పెరుగుదలను కొలవడం, వేడికీ విద్యుత్తుకూ మొక్కలు ఎలా స్పందిస్తాయో నమోదు చేయడం. ఒక మనిషి ఒక రోజున కనిపెట్టిన వార్తగా చెప్పినప్పుడు, మొక్క బతికే ఉందని నీకు ఎలా తెలుసు అన్న ప్రశ్న పిల్లవాడికి రాకుండా పోతుంది.

లక్షణాల జాబితా ఎక్కడ తడబడుతుంది

కదలిక, తిండి, ఊపిరి, పెరుగుదల, విసర్జన, స్పందన, సంతానం అని ఏడు లక్షణాలు కంఠస్థం చేయించడం బడిలో పాత అలవాటు. మోటారు సైకిలు కదులుతుంది, పెట్రోలు తాగుతుంది, పొగ వదులుతుంది. నిప్పు గాలి పీల్చుకుంటుంది, కట్టెలు తింటుంది, పెరుగుతుంది, పక్క గడ్డివాముకు అంటుకొని పిల్లల్ని కూడా కంటుంది. కంచరగాడిదకు సాధారణంగా సంతానం కలగదు, అయినా అది బతికే ఉంది. డబ్బాలోని పెసర గింజ ఈ ఏడింటిలో ఒక్కటీ చేస్తున్నట్టు కనిపించదు. జాబితా తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు; పెద్ద తరగతుల్లో అది పనికొస్తుంది. ఆరేళ్ల పిల్లల ముందు అది నిలబడదు, ఎందుకంటే వాళ్లు ఇలాంటి మినహాయింపులనే ముందు అడుగుతారు. ప్రాజెక్టుకు పనికొచ్చే ప్రశ్న కూడా అక్కడే దొరుకుతుంది.

మూడు గిన్నెలు, ముప్పై గింజలు

ఒకటో తరగతి పిల్లలకు గుప్పెడు ఎండు పెసలు చూపించి ఇవి బతికి ఉన్నాయా అని అడిగితే తరగతి రెండుగా చీలుతుంది. కదలవు కనుక చచ్చిపోయాయని కొందరు, మొలకలొస్తాయి కనుక బతికే ఉన్నాయని కొందరు. ఉపాధ్యాయురాలు ఎవరినీ సరిదిద్దకుండా ఆ రెండు మాటలనూ నల్లబల్ల మీద రాసి ఉంచుతుందనుకుందాం. మూడు గిన్నెలలో తడి గుడ్డ పరచి, ఒకదానిలో పది పచ్చి పెసలు, రెండోదానిలో బాగా ఉడికించి చల్లార్చిన పది పెసలు, మూడోదానిలో పది పెసరపప్పు బద్దలు వేస్తారు. నీళ్లు, చోటు, గుడ్డ మూడింటికీ ఒకటే. ఏ గిన్నెలో ఏం జరుగుతుందో పిల్లలు ముందే చెప్పాలి, బొమ్మ గీయాలి.

మర్నాడు ఉదయం చూసేసరికి పచ్చి పెసలు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి. పప్పు బద్దలూ ఉబ్బుతాయి. ఉడికినవి ఎటూ ఉబ్బే ఉన్నాయి. మూడూ పెరిగాయి కనుక మూడూ బతికి ఉన్నాయని కొందరు పిల్లలు గట్టిగా అంటారు, వాళ్ల తర్కంలో లోపం కూడా లేదు. తొందరపడే ఉపాధ్యాయురాలు ఇక్కడే జవాబు చెప్పేస్తుంది. ఓపిక ఉన్న ఆమె వంటింటి నుంచి ఇంకో ఉదాహరణ తెస్తుంది: సగ్గుబియ్యం నానబెడితే ఉబ్బుతుంది కదా, అది కూడా పెరిగినట్టేనా? ఎండిన పదార్థం నీరు పీల్చి ఉబ్బడానికి ప్రాణంతో పనిలేదని, ఉబ్బడమూ పెరగడమూ ఒకటి కాదని పిల్లలకు ఆ మాటల్లో కాకపోయినా తెలియడం మొదలవుతుంది.

ఒకటి రెండు రోజుల్లో పచ్చి పెసల నుంచి తెల్లటి మొలక తొంగిచూస్తుంది. ఉడికినవి జిగటగా మారి వాసన పట్టి, బూజు కూడా వస్తుంది. వాటిని మూత పెట్టి ఉంచి మూడో రోజున పారేయాలి. పప్పు బద్దలు మెత్తబడతాయే తప్ప మొలవవు, ఎందుకంటే పప్పు విరిచేటప్పుడు రెండు బద్దల మధ్య ఉండే చిన్న మొలక భాగం దెబ్బతింటుంది లేదా రాలిపోతుంది. పప్పు మొలకెత్తదన్న సంగతి ప్రతి తెలుగు ఇంటికీ తెలుసు. ఎందుకు మొలకెత్తదని అడిగేవాళ్లు తక్కువ.

పచ్చి పెసలు పదింటిలో ఎనిమిదే మొలిచాయనుకోండి. మిగిలిన రెండూ చచ్చినవా, నిద్రపోతున్నవా? ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. విత్తనం కొన్న రైతు పొలంలో చల్లే ముందు కొన్ని గింజలను తడి గోనెసంచిలో చుట్టి మొలక శాతం లెక్క కట్టేది ఇందుకే. మన దేశంలో ధృవీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలన్న ప్రమాణం ఉంది. విత్తనం ఎంతకాలం నిద్రపోగలదో చెప్పడానికి ఇజ్రాయెల్‌లోని మసాదా కోటలో దొరికిన ఖర్జూరపు గింజను చెప్పుకోవచ్చు. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి ఆ గింజ 2005లో మొలకెత్తింది. పెళ్లింట పాలికల్లో నవధాన్యాలు చల్లి అంకురార్పణ చేయడం, తీజ్ పండుగకు లంబాడీ ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచడం చూసిన పిల్లలకు మొలక కొత్త వస్తువు కాదు. తరగతి గదిలో దానికి కొత్తగా తోడయ్యేది ఉడికించిన గింజల గిన్నె, అంటే పోలిక.

చీకట్లో మొక్క ఎందుకు పొడవైంది: కన్ను చూసిందాన్ని మనసు ఎలా చదువుతుంది

మొలకలు వచ్చాక సహజంగా వచ్చే తరువాతి ప్రశ్న, మొక్కకు వెలుతురు కావాలా అన్నది. ఒక కుండీ కిటికీ దగ్గర, ఒకటి అలమరలో పెడతారు. వారం తరువాత తలుపు తీస్తే అలమరలోని మొక్క ఎక్కువ పొడవుగా ఉంటుంది. దారంతో కొలిచిన పిల్లలు చీకట్లోనే మొక్క బాగా పెరుగుతుందని తేల్చేస్తారు. వాళ్లు కళ్లారా చూశారు, చేత్తో కొలిచారు, అయినా తప్పుగా తేల్చారు.

గింజలో దాచుకున్న ఆహారంతోనే మొలక మొదటి రోజులు గడుపుతుంది. వెలుతురు తగలకపోతే దాన్ని వెతుక్కుంటూ కాండం సన్నగా, పాలిపోయి సాగుతుంది, ఆకులు విచ్చుకోవు. ఇంకో వారం అలాగే ఉంచితే దాచుకున్న ఆహారం అయిపోయి వాలిపోతుంది. పిల్లలు కొలిచింది పొడవును మాత్రమే. రంగు, ఆకు వెడల్పు, నిలబడే బలం చూడమని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పడం ఎంత ఉండాలన్న దాని మీదే విద్యారంగంలో పెద్ద వాదం నడిచింది.

పిల్లలను వాళ్లంతట వాళ్లు కనుగొనమని వదిలేసే పద్ధతి పదే పదే విఫలమైందని అమెరికా మనోవైజ్ఞానికుడు రిచర్డ్ మేయర్ 2004లో రాశారు. 2006లో విద్యా పరిశోధకులు కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ మరింత ముందుకు వెళ్లి, కొత్తగా నేర్చుకునేవారి జ్ఞాపకశక్తి మీద అలాంటి పద్ధతి మోయలేని బరువు పెడుతుందని, స్పష్టంగా చెప్పడమే మేలని వాదించారు. మరుసటి ఏడాది వచ్చిన ప్రతివాదం, పరిశోధన ద్వారా నేర్పడాన్ని దారీతెన్నూ లేకుండా వదిలేయడంతో కలిపేయడం సరికాదని, మంచి ప్రాజెక్టులో ఉపాధ్యాయుల ఊతం అడుగడుగునా ఉంటుందని చెప్పింది. 164 అధ్యయనాలను కలిపి చూసిన 2011 నాటి సమీక్ష కూడా, ఊతం లేని అన్వేషణ కంటే నేరుగా చెప్పడం మెరుగని, ఊతం ఉన్న అన్వేషణ మిగతా వాటికంటే మెరుగని తేల్చింది. ఈ వాదోపవాదాల్లోని ఉదాహరణలు చాలావరకు పెద్ద తరగతులవి. వాటిని యథాతథంగా ఐదేళ్ల పిల్లలకు అన్వయించడంలో జాగ్రత్త అవసరం. అలమరలోని మొక్క విషయంలో మాత్రం రెండు పక్షాలూ ఒప్పుకునే మాట ఒకటుంది: ఇంకేం చూడాలో ఉపాధ్యాయురాలు అడగకపోతే పిల్లలు తప్పు సంగతిని నమ్మకంగా నేర్చుకొని ఇంటికి వెళతారు.

కరివేపాకు చెట్టు మీది పురుగు, గోడ మీది గుండ్రటి చార్టు

సీతాకోకచిలుక జీవితచక్రం చార్టు లేని ప్రాథమిక పాఠశాల అరుదు. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక అని నాలుగు బొమ్మలు, వాటిని కలుపుతూ గుండ్రంగా నాలుగు బాణాలు. ఈ బాణాల్లో మూడు ఒక రకం, నాలుగోది వేరు. మొదటి మూడూ ఒకే జీవి రూపం మార్చుకోవడాన్ని చూపుతాయి; సీతాకోకచిలుక నుంచి గుడ్డుకు వెళ్లే బాణం మరో జీవి పుట్టుకను చూపుతుంది. చార్టు మాత్రం నాలుగింటినీ ఒకేలా గీస్తుంది. దాన్ని చూసిన పిల్లవాడు సీతాకోకచిలుకే మళ్లీ గుడ్డుగా మారుతుందని అనుకుంటే తప్పు అతడిది కాదు. పైగా ఆ చక్రంలో చావుకు చోటు లేదు.

కరివేపాకు లేదా నిమ్మ చెట్టు ఉన్న బడిలో ఇదే విషయాన్ని ఆకు మీదే చూడవచ్చు. ఈ చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుకల పిల్ల పురుగులు మొదట పక్షి రెట్టలా నల్లగా తెల్లగా కనిపిస్తాయి. ఆ వేషమే వాటికి రక్షణ. నాలుగుసార్లు చర్మం విడిచి, చివరి దశలో ఆకుపచ్చగా మారతాయి. పుల్లతో కాస్త తాకితే తల వెనుక నుంచి రెండుగా చీలిన కొమ్ములాంటి అవయవాన్ని బయటపెట్టి ఘాటైన వాసన వదులుతాయి. ఇది చూసిన పిల్లలు ఆ వారమంతా ఇంకో సంగతి మాట్లాడరు. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా వాతావరణాన్ని బట్టి సుమారు నెల రోజులు పడుతుంది. జిల్లేడు మీద కూడా చారల గొంగళిపురుగులు పుష్కలంగా దొరుకుతాయి కానీ, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కనుక చిన్నపిల్లలకు కరివేపాకు పురుగులే తగినవి. బొచ్చు పురుగులను ముట్టుకోకూడదని పిల్లలకు ఎటూ తెలుసు.

రోజూ ఒకే పురుగు బొమ్మ గీయించడంలో అసలైన పని జరుగుతుంది. మొదటి రోజు బొమ్మలో పురుగుకు నవ్వే ముఖం, ఎక్కడపడితే అక్కడ కాళ్లు ఉంటాయి. ముందు ఆరు కాళ్లు వేరుగా, వెనుక పొట్టి కాళ్లు వేరుగా ఉన్నాయని పదో రోజుకు ఎవరో గమనిస్తారు. ఎంత తిన్నదో చెప్పడానికి కొరికిన ఆకులను, డబ్బా అడుగున రాలిన రెట్ట గుళికలను లెక్కపెడతారు. అది ప్యూపాగా మారినప్పుడు, చచ్చిపోయిందనే వాళ్లకూ నిద్రపోతోందనే వాళ్లకూ మధ్య పెసర గింజల నాటి వాదం మళ్లీ మొదలవుతుంది. ఆ రెండు ప్రశ్నలూ ఒకటేనని ఒక్క పిల్లైనా గుర్తిస్తే, నెల రోజుల శ్రమ ఫలించినట్టే.

ప్రకృతి ఎప్పుడూ చార్టు ప్రకారం నడవదు. బయటి నుంచి తెచ్చిన పురుగుల్లో కొన్నింటి లోపల పరాన్నజీవి కందిరీగలో ఈగలో అప్పటికే గుడ్లు పెట్టి ఉండవచ్చు. అప్పుడు ప్యూపా నుంచి సీతాకోకచిలుక బదులు చిన్న ఈగ బయటకు వస్తుంది. దాన్ని పాడైన ప్రాజెక్టుగా పారేసే ఉపాధ్యాయులు ఉంటారు, పురుగును తినే పురుగు ఉందని చెప్పే అవకాశంగా తీసుకునేవారూ ఉంటారు. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్ల పిల్లలకు మరో చిక్కు ప్రశ్న ఎదురవుతుంది: పట్టు తీయాలంటే గూడును వేడికి గురిచేయాలి, లోపలి ప్యూపా చస్తుంది. ఇంటికి తిండి పెట్టే పనిని తరగతి గది తప్పుగా చూపకూడదు, దాచనూ కూడదు. ఇది నిజంగానే కష్టమైన సంగతి.

జంతువులను గదిలోకి తేవడం గురించి

జంతువులను తరగతి గదిలో ఉంచడం వల్ల పిల్లల్లో బాధ్యత, దయ పెరుగుతాయని ఒక వర్గం నమ్మకం. శబ్దం, చేతుల తాకిడి, సెలవుల్లో తిండి లేకపోవడం వల్ల జంతువుకు హింసే మిగులుతుందని, బందీని చూసి పిల్లలు నేర్చుకునేది బంధించడమేనని మరో వర్గం వాదన. చట్టం కొంత వరకు ఈ వాదాన్ని తీర్చేసింది: రామచిలుకను, నక్షత్ర తాబేలును ఇంట్లో గానీ బడిలో గానీ ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మిగిలిన వాటి విషయంలో, ఆదివారమూ పండుగ సెలవులూ ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు జవాబు లేని బడి చేపల తొట్టి జోలికి పోకపోవడమే మంచిది.

గదిలోకి తేవలసిన అవసరం లేని జీవులు ఆవరణలో చాలా ఉన్నాయి. బడులు తెరిచిన కొద్ది రోజులకే ఆరుద్ర కార్తె వస్తుంది, తొలకరి తడికి మఖ్మల్ ముక్కల్లా ఎర్రటి ఆరుద్ర పురుగులు నేల మీద తిరుగుతాయి. వాటి పక్కన కూర్చొని కాళ్లు లెక్కపెట్టమంటే ఎనిమిది తేలతాయి. చీమకు ఆరు కాళ్లు, దీనికి ఎనిమిది, సాలెపురుగుకూ ఎనిమిది. అన్నింటినీ పురుగు అనే పిలుస్తాం కానీ ఆరుద్ర పురుగు చీమ కంటే సాలెపురుగుకు దగ్గరి చుట్టమన్న సంగతి అగ్గిపెట్టెలో బంధించకుండానే తెలిసిపోతుంది.

జీవిని పెంచినప్పుడు చావు కూడా వస్తుంది. చచ్చిన చేప స్థానంలో రాత్రికి రాత్రి అలాంటిదే మరో చేపను తెచ్చి వేసేవారు పిల్లల మనసు నొప్పించకూడదనే అలా చేస్తారు. చచ్చినది తిరిగి రాదు, బతికిన ప్రతిదీ ఎప్పుడో చస్తుంది, చచ్చాక శరీరం పనిచేయదు అన్న అంశాలు ఐదు నుంచి ఏడేళ్ల మధ్య చాలామంది పిల్లలకు అర్థమవుతాయని పరిశోధకులు చెబుతారు. గుండె, ఊపిరితిత్తులు ఏం చేస్తాయో తెలిసిన పిల్లలు చావును మరింత స్పష్టంగా అర్థం చేసుకున్నారని మనోవైజ్ఞానికురాలు వర్జీనియా స్లాటర్, ఆమె సహచరులు చూపారు. దేవుడి దగ్గరికి వెళ్లిందని ఇంట్లో చెప్పే మాటతో బడి పోట్లాడవలసిన పని లేదు. చేప మొప్పలు ఇక ఆడటం లేదని చెబితే చాలు.

చదవడం, లెక్కలు ముందా, ఇవి ముందా

2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం 2026–27 నాటికి మూడో తరగతి ముగిసేలోగా ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, లెక్కలు చేయడం రావాలన్న లక్ష్యం పెట్టింది. అక్షరం రాని పిల్లవాడికి పురుగు కాళ్ల లెక్క ఎందుకన్న ప్రశ్న అన్యాయమైనది కాదు. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులను చూసుకునే బడిలో అది మరింత సూటిగా తగులుతుంది. ప్రాజెక్టును సమర్థించేవారు, పెసర గింజలు పదింటిలో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం గణితమే కదా, తన బొమ్మ కింద తానే రాసుకున్న వాక్యం చదవడమే కదా అంటారు. ఇందులో నిజముంది, కొంత అతిశయోక్తీ ఉంది. అక్షరాలు, వాటి ధ్వనులు క్రమపద్ధతిలో నేర్పవలసిన అవసరం మొలకలతో తీరదు. మొదటి రెండు తరగతుల్లో పరిసరాల విజ్ఞానానికి విడిగా పుస్తకం లేకపోవడం ఒక విధంగా వెసులుబాటు: రోజుకు పది నిమిషాలు గిన్నె దగ్గర, మిగతా సమయం వాచకం దగ్గర గడపవచ్చు. నెలకు ఒక ప్రాజెక్టు కంటే ఏడాదికి రెండు చాలు.

నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది

పునాది దశలో పరీక్షలు తగవని 2022 చట్రం చెబుతుంది, పరిశీలన మీదా పిల్లల పనుల మీదా ఆధారపడమంటుంది. మరి ఏం పరిశీలించాలి? చార్టు అందం చూస్తే తల్లిదండ్రుల శ్రమ తెలుస్తుంది. సీతాకోకచిలుక దశలు వరుసగా చెప్పమంటే జ్ఞాపకశక్తి తెలుస్తుంది. ఇనగాకి చేసినట్టు, పిల్లలు పెంచని జీవి గురించి అడగడం ఇంతకంటే నమ్మదగిన దారి.

పెసలు మొలకెత్తించిన తరగతిలో ఒక చింతగింజ, ఒక గులకరాయి, ఒక వేయించిన పల్లీ ముందు పెట్టి, వీటిలో బతికి ఉన్నది ఏదని అడిగారనుకుందాం. చింతగింజ బతికి ఉందని చెప్పి ఊరుకున్న పిల్ల సరైన జవాబే చెప్పింది. వేయించిన పల్లీని చేతిలోకి తీసుకొని, ఇది మన ఉడికించిన పెసర లాంటిదే, నానబెడితే ఉబ్బుతుంది కానీ మొలవదు అన్న పిల్లకు మూడు గిన్నెల సంగతి అర్థమైంది. నాకు తెలియదు, నానబెట్టి చూద్దాం, ఎన్ని రోజులు ఆగాలి అని అడిగిన మూడో పిల్లకు ఎన్ని మార్కులు వేయాలో మూల్యాంకన పట్టికలో ఇంకా గడి లేదు.